పెట్టె మీద మూడు దెబ్బలు

కొట్టు తలుపుకి ఏడు చెక్కలు. పెట్టెలాయన వాటిని ఒక్కొక్కటే గాడిలోంచి పైకెత్తి తీస్తూ, చెక్కకొకటి చొప్పున తోడల్లుణ్ణి తిట్టుకుంటాడు. పైకి కాదు, పళ్ళ మధ్యనే. ఇద్దరూ ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్నవాళ్ళు. ఒకే మామగారి దగ్గర, ఒకే దాగలి మీద రేకు పని నేర్చుకున్నవాళ్ళు. ఆ మనిషి ఒకనాడు సుత్తి కింద పడేసి ప్లాస్టిక్ సూట్‌కేసుల వ్యాపారంలోకి వెళ్ళిపోయాడు. అదొక తిట్టు. వెళ్ళేవాడు ఊరికే వెళ్ళకుండా హాస్టళ్ళ గిరాకీ అంతా వెంటబెట్టుకుపోయాడు. అదింకొకటి. మిగిలిన ఐదు తిట్లూ కుక్క గురించి.

నాలుగో చెక్క దగ్గర ఇవాళ ఆగాల్సొచ్చింది. ఎడమ భుజం నుంచి మోచేతి దాకా తిమ్మిరి. చెక్కని తొడకి ఆనించి, చెయ్యి రెండుసార్లు విదిలించి, మళ్ళీ అందుకున్నాడు. గోడ మొదట్లో నాలుగు మడతలు వేసిన గోనెసంచి పరిచి ఉంది. చెక్క దాని మీద చప్పుడు లేకుండా దిగింది. ఇదివరకు ఈ చెక్కలు ధడేల్ ధడేల్‌మని పడుతుంటే వీధికి తెల్లారేది. ఐదు నెలలుగా పెట్టెలాయన కొట్టు దొంగ ఇంట్లో దూరినట్టు తెరుచుకుంటోంది.

గవ్వ రెండడుగుల దూరంలో నిలబడి చూస్తోంది. గోధుమరంగు ఒళ్ళు, తెల్లటి పొట్ట. ముడుచుకుని పడుకుంటే గవ్వలా ఉంటుందని ఆయన భార్య ఆ పేరు పెట్టింది. ఎనిమిదేళ్ళ కుక్క. మూతి దగ్గర వెంట్రుకలు అప్పుడే నెరిశాయి. దాని తాడు రెండో కొస పెట్టెలాయన నడుముకి కట్టి ఉంది.

"ఇవాళేగా ఆఖరు?" అన్నాడు ఎదురు కొట్టు టీ ఆయన, పాలగిన్నె కడుగుతూ.

పెట్టెలాయన తల ఊపి ఐదో చెక్క అందుకున్నాడు.

నెలాఖరు అది. ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ పెట్టిన ఐదు నెలల గడువు ఇవాళతో సరి. భార్య పోయినప్పటి నుంచి గవ్వ ఒంటరిగా ఇంట్లో ఉండాల్సి వచ్చింది. పై వాటాలో కుక్కరు కూత వేసినా, మెట్ల మీద ఎవరైనా గ్యాసు బండ దించినా, అది మంచం కిందికి దూరి సాయంత్రం దాకా ఏడ్చేది. మనిషి ఏడ్చినట్టే ఉండేదట. ఇంటావిడ చెడ్డదేం కాదు, వినీ వినీ విసిగిపోయింది. పగలు నీ వెంట తీసుకుపోతావో, ఇంకెవరికైనా ఇచ్చేస్తావో నీ ఇష్టం, ఒకటో తారీఖు నుంచి మాత్రం ఆ ఏడుపు నా ఇంట్లో వినపడకూడదు అంది. వెంట తీసుకుపొమ్మంటే తీసుకుపోవచ్చు. కానీ ఆయన పోయేది రేకు పెట్టెల కొట్టుకి. నీళ్ళకి భయపడే పిల్లినైతే గట్టున పెట్టొచ్చు. చప్పుడుకి భయపడే కుక్కని సుత్తి పక్కన ఎక్కడ పెట్టాలి?

తెచ్చిన మొదటివారమే రేకు ఒకటి జారి నేల మీద పడితే, గవ్వ తాడు తెంపుకుని వీధికి అడ్డం పడింది. వ్యానువాడు బ్రేకు వేయబట్టి సరిపోయింది. సంగతి తోడల్లుడి దాకా పోయింది. ఊరి బయట నాకు గోడౌను ఉంది, చుట్టూ గోడ, చప్పుడనేది లేదు, గడువులోగా దాని భయం పోకపోతే ఆఖరి రోజు నాలుగింటికొచ్చి పట్టుకుపోతానని కబురు పెట్టాడు. కాపలాకి కూడా పనికొస్తుందన్నాడు. దానికి టీ ఆయన, దొంగ తుమ్మితే చాలు, వాడికంటే ముందు ఇదే గోడ దూకుతుందని నవ్వాడు. పెట్టెలాయన నవ్వలేదు. భార్య మంచం పట్టినప్పుడు ఆవిడ చెయ్యి కింద తలపెట్టుకుని పడుకున్నది ఆ కుక్కే. ఆవిడ పోయాక ఇంట్లో ఆవిడ వాసన తెలిసిన ప్రాణం అదొక్కటే. అలాంటిదాన్ని తీసుకెళ్ళి ప్లాస్టిక్ సూట్‌కేసుల మధ్య పడేయడమా.

అసలు దానికి భయం పట్టించిందే వాడాయె.

ఆ కథ పెట్టెలాయన ఎవరికి చెప్పినా ఒక్కలాగే చెబుతాడు. ఆ పూట భార్య అన్నం క్యారియరుతో పాటు సంచిలో కుక్కపిల్లని వేసుకొచ్చింది. కళ్ళు తెరిచి పది రోజులు కూడా కాలేదు. కొట్టు నేలంతా కత్తిరించిన రేకు ముక్కలు, పిల్ల కాళ్ళు తెగుతాయని, కొత్తగా తయారైన పెట్టెలో పాతగుడ్డ పరిచి పడుకోబెట్టింది. మూత ఓరగా వేసి మంచినీళ్ళకి వెళ్ళింది. అంతలో ఆ పెట్టె చేయించుకున్న మనిషి వచ్చాడు. అప్పటికి తోడల్లుడు ఇంకా ఇక్కడే పనిచేస్తున్నాడు. లోపల చూసుకోకుండా పెట్టె ఎత్తి బల్ల మీద పెట్టాడు. ఆ పెట్టె బరువులో గుప్పెడు పిల్ల బరువు తెలియలేదట. మూత నొక్కాడు. మూడు దెబ్బలూ పడ్డాయి. లోపల్నించి ఏడుపు.

మూడు దెబ్బలు మామగారు పెట్టిన పద్ధతి. గిరాకీ కళ్ళముందు, ఇనప సుత్తితో, మూత నడిబొడ్డున. బలం చూపించడానికని జనం అనుకుంటారు గానీ, అది చెవికోసం. రివెట్టు ఒక్కటి వదులుగా ఉన్నా మూడో దెబ్బకి జుయ్‌మంటుంది. సరిగా కుదిరిన పెట్టె ఒక్క మాట అని నోరు మూసుకుంటుంది. పెట్టె మాట వినకుండా గుమ్మం దాటించకండిరా అనేవాడు మామగారు. దాటించేవాళ్ళు కాదు.

ఆ రోజు నుంచి ఆయన భార్య మరిదికి టీ ఇవ్వలేదు. మనిషి ఇంటికొస్తే కుర్చీ వేసేది, చెల్లెలి బాగోగులు అడిగేది, మంచినీళ్ళు ఇచ్చేది. టీ మాత్రం ఎనిమిదేళ్ళలో ఒక్కసారీ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు.

పెట్టెలాయన గవ్వని మూలనున్న గోనె మీద కూర్చోబెట్టి, తాడు విప్పాడు. చొక్కా జేబులోంచి బన్ను తీసి గోరంత ముక్కలు చేసి డబ్బాలో వేసుకున్నాడు. తర్వాత దాగలి ముందు కూర్చుని, పక్కనున్న రేకు మీద చూపుడువేలి గోరుతో టిక్కుమనిపించాడు. గవ్వ చెవులు లేచాయి. ముక్క విసిరాడు. తింది. పొద్దున్నే అది వాళ్ళిద్దరి పలకరింపు.

మొదట్లో అంతా తలకిందులుగా చేశాడు. తిండి పెట్టి, అది తింటుండగా చప్పుడు చేసేవాడు. తిండి ధ్యాసలో మర్చిపోతుందిలే అనుకున్నాడు. వారం తిరిగేసరికి గవ్వ గిన్నె చూస్తేనే వణకడం మొదలుపెట్టింది. గిన్నె వెనకాలే పిడుగు ఉందని దాని లెక్క. పస్తులుంది, పక్కటెముకలు తేలాయి. పెట్టెలాయన కూడా రెండు పూటలు తినలేదు. అప్పుడొకరోజు చేతిలోంచి రివెట్టు జారి రేకు మీద టింగున పడింది. గవ్వ ఉలిక్కిపడింది. అయ్యో అనుకుని, బుజ్జగింపుగా చేతిలో ఉన్న బన్ను ముక్క విసిరాడు. ఇంకాసేపటికి ఇంకో రివెట్టు జారింది, ఇంకో ముక్క. మూడోసారి రివెట్టు పడగానే గవ్వ రివెట్టు వంక చూడలేదు, ఆయన చేతి వంక చూసింది. తిండి వెనక చప్పుడు కాదు, చప్పుడు వెనక తిండి రావాలి. నలభై ఏళ్ళు సుత్తి పట్టినవాడికి, ముందు కాల్చి తర్వాత కొట్టాలని తెలిసినవాడికి, ఆ వరసే తెలియలేదు.

అప్పటి నుంచి గోరు. పదిహేను రోజులు గోరే. తర్వాత రివెట్టు, తర్వాత సైకిలు ట్యూబు చుట్టిన కొయ్య సుత్తి, తర్వాత ట్యూబు తీసేసిన కొయ్య సుత్తి. ఒక మెట్టు ఎక్కితే రెండు మెట్లు దిగాల్సొచ్చేది. ట్యూబు చుట్టిన సుత్తితో కొడితే రేకు మడత మెత్తగా పడేది. పెట్టె అంచు చేత్తో నిమిరితే తనకే సిగ్గేసేది. మూడు దెబ్బలైతే ఐదు నెలలుగా ఏ పెట్టెకీ లేవు. మామగారి కొట్లోంచి పెట్టెలు నోరు విప్పకుండానే గుమ్మం దాటాయి. ఇనప సుత్తి తప్పనిసరై ఎత్తిన రోజున మాత్రం గవ్వ గుమ్మం దాటి, వీధి దాటి, టీ ఆయన బల్ల కిందికి దూరేది. ఆయన కాళ్ళు పైకెత్తి చోటిచ్చి, మీ ఇనప సుత్తి లేచిందని మాకు ఉత్తరం వచ్చిందండోయ్ అని కేకేసేవాడు.

పదిన్నర దాకా పెట్టెలాయన చివరి మడతబందుకి రివెట్లు వేశాడు. కొయ్య సుత్తి, చిన్న దెబ్బలు. గవ్వ గడ్డం కాళ్ళ మీద పెట్టుకుని చూస్తోంది. వీధి నిశ్శబ్దంగా ఉంది. ఒకప్పుడు ఈ వీధిలో పదకొండు రేకు కొట్లు ఉండేవి. మధ్యాహ్నానికి పదకొండు సుత్తులూ కలిసి, రేకు కప్పు మీద వడగళ్ళు పడ్డట్టు ఉండేది. మాట్లాడాలంటే మనిషి చెవిలో నోరు పెట్టాలి. కొత్తగా పెళ్ళైనప్పుడు భార్యతో అంత దగ్గరగా, నలుగురిలో, మాట్లాడే వీలు ఆ చప్పుడు వల్లే దొరికింది. ఆవిడ వీధి మొదట్లో క్యారియరుతో నిలబడి, పదకొండింటిలో తన మనిషి సుత్తి ఏదో గుర్తుపట్టేది. లోపలికొచ్చి, ఇవాళ మీ సుత్తి అలిగింది, ఏమిటి సంగతి అని అడిగేది. అలిగిన రోజే అడిగేది. ఒక్కరోజు తప్పలేదు. గవ్వ వచ్చాక, గాలి ఇటు నుంచి అటు తిరిగితే ఇంటికి సుత్తి చప్పుడు చేరుతుందని ఆ వైపు కిటికీ మూసేసేది. ఉక్కపోతలో విసురుకుంటూ, కుక్క కోసం కూర్చునేది.

పన్నెండు కావొస్తుండగా తల్లీకూతుళ్ళు వచ్చారు. కూతురికి నర్సు ఉద్యోగం వచ్చింది. హాస్టల్లో ఉండాలి. సూట్‌కేసు చాలు అని కూతురు, వద్దు పెట్టే కావాలి అని తల్లి. ఆ తగువు వాళ్ళు ఇంటి దగ్గరే మొదలుపెట్టి దారిపొడుగునా లాగినా తెగినట్టు లేదు. తల్లి పెట్టె చుట్టూ తిరిగింది. గొళ్ళెం వేసి తీసింది. కడియం పట్టుకుని ఎత్తింది. అన్నీ అయ్యాక చేతులు కట్టుకుని నిలబడింది.

"కొట్టి చూపించరా? నా పెట్టె కూడా ఈ కొట్లోదే. పాతికేళ్ళయింది. పెద్దాయన మూడు దెబ్బలు కొట్టి ఇచ్చాడు."

ఈ ఐదు నెలల్లో ఆ మాట అడిగినవాళ్ళకి, ఇప్పటి రివెట్లు మెషీనువి, అక్కర్లేదని చెప్పి పంపాడు. ఇవాళ ఆ అబద్ధం నోటిదాకా వచ్చి ఆగింది. సాయంత్రం నాలుగింటికి బండి వస్తుంది. చూడాల్సింది ఏదైనా ఉంటే ఇప్పుడే చూడాలి.

తాడు కడదామని వంగి, మళ్ళీ లేచాడు. కట్టేస్తే నిలబడేది తాడు, కుక్క కాదు. పెట్టెని బల్ల మీదికి ఎత్తబోతే ఎడమ చెయ్యి సాయం రాలేదు. నర్సమ్మాయి ఒక పక్క పట్టింది. మూత తెరిచి లోపల చూశాడు. అది ఎనిమిదేళ్ళుగా ఉన్న అలవాటు. మూత వేసి, గోడకి తగిలించిన ఇనప సుత్తి తీశాడు. గవ్వ లేచి నిలబడింది. ఆ సుత్తి సంగతి దానికి తెలుసు.

మొదటి దెబ్బకి దాని ఒళ్ళంతా నేలకి అంటుకుపోయింది, తోక పొట్ట కిందికి పోయింది. వీధిలోకి చూసింది. గుమ్మం తెరిచే ఉంది. రెండో దెబ్బకి రెండడుగులు గుమ్మం వైపు వేసి, అక్కడ ఆగింది. వెనక కాళ్ళు ఎంత వణుకుతున్నాయంటే, కింద ఉన్న రేకు ముక్కలు గలగలమంటున్నాయి. పెట్టెలాయన దాని వైపు చూడలేదు. చూస్తే చెయ్యి ఆగిపోతుంది. మూడోది కొట్టాడు. పెట్టె ఒక్క మాట అని నోరు మూసుకుంది.

తిరిగి చూసేసరికి గవ్వ ఆయన ఎడమచేతి వంక చూస్తోంది. బన్ను ముక్క ఇంకా రాలేదేమిటన్నట్టు.

ఆయన డబ్బా ఎత్తి మొత్తం దాని ముందు కుమ్మరించేశాడు.

"చెవుడా అండీ దీనికి?" అంది నర్సమ్మాయి చెవులు రుద్దుకుంటూ.

"కాదమ్మా. దానివి నా చెవులకంటే మంచివి," అన్నాడు. అని, చాలాకాలానికి, నవ్వాడు. నవ్వుతూ బల్ల అంచు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు.

ఎదురుగా టీ ఆయన బల్ల కింద చోటు ఖాళీ చేసి, కాళ్ళు పైకెత్తుకుని కూర్చుని ఉన్నాడు. ఎంతసేపటికీ ఎవరూ రాకపోతే లేచొచ్చి, గుమ్మంలో నిలబడి, కుక్కనీ పెట్టెలాయననీ మార్చి మార్చి చూశాడు. వెళ్ళి ఓ బన్ను పట్టుకొచ్చి గవ్వ ముందు పెట్టాడు.

తోడల్లుడు నాలుగింటికి కాకుండా మూడున్నరకే వచ్చాడు. చిన్న వ్యాను, చేతిలో మెత్తటి పట్టీ, కొత్తది. గవ్వ కోసం వ్యాను వెనకాల దుప్పటి కూడా పరిచి తెచ్చాడు. మనిషి లావెక్కాడు. కొట్లోకి రాగానే, అడక్కుండానే, పాత చోటులో, దాగలికి అవతలి పక్క చతికిలబడ్డాడు. కూర్చోవడానికి కష్టపడ్డాడు గానీ అక్కడే కూర్చున్నాడు.

పెట్టెలాయన మధ్యాహ్నం జరిగింది చెప్పాడు. గోరు దగ్గర్నుంచి మొదలుపెట్టి, రివెట్లు, ట్యూబు, మూడు దెబ్బలూ. ఎప్పుడూ ఇంత మాట్లాడని మనిషి. తోడల్లుడు పట్టీని మడిచి జేబులో పెట్టేసుకున్నాడు.

"అయితే నాకిక పని లేదన్నమాట, అన్నయ్యా."

"లేదు."

ఆయన లేవబోయాడు. పెట్టెలాయన కూర్చోమన్నాడు. కూర్చోమని, చేతిలోని గుడ్డతో శుభ్రంగా ఉన్న దాగలినే మళ్ళీ తుడిచాడు.

"ఆ రోజు పెట్టె మీద కొట్టింది నేనురా," అన్నాడు చివరికి.

"నాకు తెలియదూ? నేనక్కడే ఉన్నాను కదా."

"మరి మీ వదిన నిన్ను అంటుంటే ఊరుకున్నావేం?"

తోడల్లుడు గవ్వ వంక చూశాడు. "పెట్టె ఎత్తింది నేనేగా. సగం నాది కాదా? అయినా వదిన నా మీద కోపగిస్తే నాకు టీ పోతుంది. నీ మీద కోపగిస్తే నీకు ఇల్లు పోతుంది. చూసుకున్నాను."

పెట్టెలాయన చాలాసేపు ఆ మనిషి మొహం వంక చూడలేకపోయాడు. పొద్దున్నే లెక్కపెట్టుకుని తిట్టుకునే తిట్లు ఎన్నో, ఎన్నేళ్ళవో. తర్వాత గుమ్మంలోకి వెళ్ళి ఎదురు కొట్టు వైపు రెండు వేళ్ళు చూపించాడు. టీ వచ్చింది. తోడల్లుడు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఊదుకుంటూ, ఆఖరి చుక్కదాకా తాగాడు. వెళుతూ, నీ మొహం పాలిపోయింది అన్నయ్యా, రేపు ఆస్పత్రికి పోదాం, బండి తెస్తానన్నాడు. చూద్దాంలే అన్నాడు పెట్టెలాయన.

వ్యాను వెళ్ళాక ఆయన కొత్త రేకు ఒకటి కిందికి దించి పరిచాడు. నర్సమ్మాయితో చదివిన ఇంకో పిల్లకీ పెట్టె కావాలని తల్లి చెప్పి వెళ్ళింది. సూదితో మూత కొలత గీసుకుని, కోయడం మొదలుపెట్టాడు. గవ్వ పక్కనే ముడుచుకుని పడుకుంది. పనిలో వరస దానికి ఇప్పుడు కంఠతా వచ్చు. కోత అయ్యాక మడత, మడత అయ్యాక సుత్తి, సుత్తి అయ్యాక బన్ను. కోత చప్పుడు కరకరమని కాసేపు సాగింది. ఆగింది. గవ్వ కళ్ళు తెరిచి మడత కోసం చూసింది. చాలాసేపు చూసింది. లేచి ఆయన మోకాలిని మూతితో పొడిచింది. తర్వాత గుమ్మం దాటి, వీధి దాటి వెళ్ళింది.

టీ ఆయన అలవాటుగా కాళ్ళు పైకెత్తాడు. కుక్క బల్ల కిందికి దూరి, ముడుచుకుని వణకడం మొదలుపెట్టింది.

"ఇప్పుడేం చప్పుడైందని వచ్చావే?" అన్నాడు.

అని, తనే విన్నాడు. అప్పుడు గాని తెలియలేదు ఆయనకి, ఎదురుగా ఏ చప్పుడూ లేదని. చేతిలో గిన్నె పక్కన పెట్టి, పరుగెత్తలేదు గానీ, గబగబా వీధి దాటాడు.

కబురు వెళ్ళేసరికి తోడల్లుడు ఇంకా గోడౌను చేరలేదు. వెనక్కి తిరిగి వచ్చాడు. ఆస్పత్రి వాళ్ళు వచ్చి, చూసి, ఇక చేసేదేం లేదని చెప్పి, మనిషిని తీసుకుపోయారు. జనం తలో మాటా అనుకుని సర్దుకున్నారు. మరదలు, తోడల్లుడి భార్య, ఇంటి దగ్గర చూడాల్సినవి చూడ్డానికి వెళ్ళింది. తోడల్లుడు మాత్రం కొట్లోంచి కదల్లేదు. టీ ఆయన గవ్వని ఎత్తుకొచ్చి ఆయన పక్కన దింపాడు. దాని వణుకు ఆగడం లేదు. పక్క మీద చెయ్యి వేసినా, పేరు పెట్టి పిలిచినా ఆగలేదు. ఏం చెయ్యాలో ఆయనకి తోచలేదు. కాసేపటికి చెయ్యి చాచి, నేల మీదున్న రేకు ముక్క దగ్గరికి లాక్కుని, చూపుడువేలి గోరుతో దాని మీద టిక్కుమనిపించాడు. గవ్వ చెవులు లేచాయి. ఆయన దగ్గర ముక్క లేదు. టీ ఆయన పరుగున వెళ్ళాడు. బన్ను వచ్చేదాకా తోడల్లుడు గోటితో కొడుతూనే ఉన్నాడు, ఆపితే ఏమవుతుందోనన్నట్టు.

చీకటి పడకముందే ఇద్దరూ కలిసి చెక్కలు వేశారు. గోనెసంచి మడత మీద నుంచి ఒక్కొక్కటే ఎత్తి, గాడిలోకి జార్చారు. ఆఖరి చెక్క పెట్టబోతూ తోడల్లుడు లోపలికి చూశాడు. కత్తెర రేకులోనే ఉంది, గీసిన గీత మీదే, వెంట్రుకవాసి కూడా పక్కకి పోకుండా. గీత చివరికి ఇంకా పదకొండు అంగుళాలు కోయాల్సి ఉంది.